ట్రిపుల్ ఐటీ సీట్లకు సర్కారు బడి పిల్లలకు కలిపే 0.4 ఉండాలా, తీసేయాలా?

జెడ్పీ లెక్కల టీచర్
పది ఫలితాలు వచ్చిన ప్రతిసారీ మా ఊరి వాట్సాప్ గ్రూపుల్లో ఇదే గొడవ. బాసర ట్రిపుల్ ఐటీ సెలెక్షన్లలో ప్రభుత్వ, జిల్లా పరిషత్, మున్సిపల్ బడుల్లో చదివిన పిల్లలకు జీపీఏ మీద 0.4 కలుపుతూ వచ్చారు. డిప్రివేషన్ స్కోర్ అంటారు దాన్ని, అంటే లేమిని చూసి కలిపే అదనం. ఇప్పుడు పదిలో జీపీఏ తీసేసి మళ్లీ మార్కులు ఇస్తున్నారు కదా, ఈ అదనం ఇంకా ఎందుకని కొందరు అడుగుతున్నారు.

ఉండాలి అనేది నా మాట. 2008లో ఇడుపులపాయ, నూజివీడు, బాసరలో ఈ క్యాంపస్‌లు పెట్టిందే పల్లె పిల్లల కోసం. ఎంట్రన్స్ పెడితే కోచింగ్‌కి డబ్బున్నవాళ్లే సీట్లు పట్టుకుపోతారని పది ఫలితాల మీద తీసుకున్నారు. కానీ ఆ పది చదువు అందరికీ ఒకేలా సాగదు. మా దగ్గర ఫిజిక్స్ టీచర్ పోస్టు ఖాళీ అయితే డిప్యుటేషన్ మీద ఇంకొకరు వచ్చేసరికి దసరా దాటుతుంది. పత్తి తీసే రోజుల్లో ఆడపిల్లలు సగం మంది చేన్లోనే ఉంటారు. అలా చదివి 9.6 తెచ్చుకున్న పిల్ల, తెల్లవారుజామున మొదలై రాత్రి దాకా సాగే స్టడీ అవర్లలో 10 తెచ్చుకున్న పిల్లాడి కంటే ఎందులో తక్కువ?

మెరిట్ ముఖ్యం
జాలితో సీటు ఇస్తే లోపలికెళ్లాక ఫెయిలయ్యేది ఆ పిల్లలే. అందరికీ ఒకే పరీక్ష పెట్టండి. కరోనా టైమ్‌లో ఆంధ్రాలో ట్రిపుల్ ఐటీలకు ఎంట్రన్స్ పెట్టారుగా, కొంపలేం మునగలేదు.

ఆటో నాన్న
నమస్తే టీచర్ గారూ. నేను ఆటో నడుపుతా. మా ఊళ్లో హైస్కూల్ లేదు. పక్క ఊరి జెడ్పీకి బస్సు సరిగా రాదని బాబుని ప్రైవేట్‌లో వేశాం. వాళ్లమ్మ బీడీలు చుట్టి ఫీజు కట్టింది. వాడికి ఆ 0.4 లేదు. మాకు తెలిసిన ఇద్దరు ఉద్యోగస్తుల బిడ్డ టౌన్లో మున్సిపల్ బడిలో చదివింది, ఆమెకు ఉంది. ఆ పిల్ల మీద నాకేం కోపం లేదండీ. కానీ లేమి అనేది బడిలో ఉంటుందా, ఇంట్లో ఉంటుందా? ఇల్లు చూసి కలపండి, నేనూ ఒప్పుకుంటా.

పాలమూరు గురుకులం
నాదీ అదే ప్రశ్న అన్నా. నోటిఫికేషన్‌లో నాన్ రెసిడెన్షియల్ బడులు అని ఉంటుంది. అంటే గురుకులాల్లో చదివిన మాకు రాదు. మాకు టీచర్లు, స్టడీ అవర్లు బాగానే ఉంటాయి, కాదనను. కానీ అమ్మానాన్న బొంబాయి పనికి పోతే నన్ను ఎక్కడ ఉంచాలి? గురుకులం దొరికింది కాబట్టి చదువు నిలబడింది.

జెడ్పీ లెక్కల టీచర్
ఆటో అన్న అడిగింది న్యాయమైన ప్రశ్న. అయితే ఇల్లు చూడాలంటే ఆదాయం సర్టిఫికెట్ చూడాలి. అది మండల ఆఫీసులో ఎలా వస్తుందో మనందరికీ తెలుసు. బడి రికార్డును అంత తేలిగ్గా మార్చలేరు. తమిళనాడు 2020లో ఈ పని గట్టిగా చేసింది. ఆరో తరగతి నుంచి పన్నెండు దాకా సర్కారు బడిలోనే చదివి, నీట్‌లో అర్హత సాధించిన పిల్లలకు మెడికల్ సీట్లలో 7.5 శాతం ఇచ్చింది. అంతకుముందు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందికి దక్కేవి. మొదటి ఏడాదే మూడొందలకు పైగా ఎంబీబీఎస్ సీట్లు ఆ పిల్లలకు వచ్చాయి. ఏడేళ్ల చదువు అడిగారు కాబట్టి, ఆఖరి ఏడాది పేరు మార్పించుకుని వచ్చేవాళ్లకు దారి లేదు.

ఎంట్రన్స్ సంగతి: అది పది పరీక్షలు జరగని కాలంలో పెట్టింది. పరీక్షలు మళ్లీ మొదలయ్యాక ఆంధ్రా కూడా పది మార్కులకే తిరిగొచ్చింది. మంచి పని చేసింది.

పాత పీయూసీ బ్యాచ్
లోపలికెళ్లాక ఫెయిలవుతారు అన్న మాటకు జవాబు నేను చెప్తా. ట్రిపుల్ ఐటీ అంటే ఆరేళ్లు. మొదటి రెండేళ్లు పీయూసీ, అంటే ఇంటర్ లాంటిది, తర్వాత నాలుగేళ్లు బీటెక్. ఆ రెండేళ్లు ఉన్నది ఇందుకే. నేను తెలుగు మీడియం. మొదటి సెమిస్టర్‌లో లెక్క వచ్చు, ప్రశ్న అర్థం కాదు. సీనియర్లు రాత్రిళ్లు కూర్చోబెట్టి ఒక్కో వాక్యం తెలుగులో చెప్పేవాళ్లు. రెండో ఏడాదికి ప్రైవేట్ స్కూల్ నుంచి వచ్చినవాళ్లకూ మాకూ తేడా పోయింది. అదే పిల్లని పదిహేడేళ్లకు నేరుగా ఇంజనీరింగ్‌లో వేస్తే, ఆ సర్దుకునే టైమ్ ఎవరిస్తారు? ఐఐటీల్లో కూడా ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ఏడాది ప్రిపరేటరీ కోర్సు ఎప్పటినుంచో ఉంది. దాన్ని ఎవరూ జాలి అనకూడదు.

నా బాధ వేరే. సీటు ఎవరికి అన్నదానిపై ఇంత పోట్లాడుకుంటున్నాం కానీ, లోపల పాఠం ఎవరు చెప్తున్నారో అడగడం లేదు. 2022 జూన్‌లో బాసర పిల్లలు ఎండలో, వానలో రోజుల తరబడి కూర్చున్నారు. వాళ్లు అడిగింది రెగ్యులర్ వీసీ, సరిపడా అధ్యాపకులు, సరైన వసతులు. చదువుకోనివ్వండి అని అడగడానికి పిల్లలు క్లాసులు మానుకోవాల్సి వచ్చింది! పీయూసీలో మొదటి ఏడాది ఇంగ్లిషు, లెక్కలు చెప్పడానికి పర్మనెంట్ టీచర్లు లేకపోతే, 0.4 బదులు 1 కలిపినా ఆ పిల్ల బ్యాక్‌లాగ్స్‌తోనే మిగులుతుంది.

మెరిట్ ముఖ్యం
పీయూసీ విషయం నేను ఆలోచించలేదు. రెండేళ్లు అలా గట్టిగా చెప్తే నాకు అభ్యంతరం తగ్గుతుంది. అయినా 0.4 అందరికీ ఒకే లెక్కన కలపడం మాత్రం ఒప్పుకోను.

ఆటో నాన్న
టీచర్ గారూ, ఏడేళ్ల లెక్క బాగుంది. మరి మా బాబు? తల్లిదండ్రుల చదువు చూస్తే? నేను ఏడో క్లాసు, వాళ్లమ్మ బడికే పోలేదు. దీనికి ఏ ఆఫీసు సర్టిఫికెట్ ఇస్తుంది?

జెడ్పీ లెక్కల టీచర్
కొత్త సర్టిఫికెట్ అక్కర్లేదన్నా. 2024 నవంబరులో తెలంగాణలో ఇంటింటి సర్వే చేశారు. ప్రతి ఇంట్లో ఎవరు ఎంతవరకు చదివారో రాసుకున్నారు. మాలాంటి టీచర్లే గడప గడపకూ తిరిగారు. అమ్మానాన్నల్లో ఎవరూ పది దాటని ఇంటి పిల్లలకు 0.2, బడి లెక్కన 0.2 అని విడగొడితే మీ బాబుకూ, అమ్మానాన్నలు పది దాటనివాళ్లైతే గురుకులం చెల్లికీ సగం వస్తుంది. రెండూ ఉన్న పిల్లకు మొత్తం 0.4 అలాగే ఉంటుంది. ఈ వారం మా సంఘం మీటింగ్‌లో ఇది పెడతాను. పాత బ్యాచ్ తమ్ముడూ, పీయూసీ టీచర్ పోస్టుల మీద నువ్వొక పేజీ రాసి పంపు, రెండూ కలిపి విద్యాశాఖకు ఇద్దాం.