అప్‌డేట్: పాత హోమ్ థియేటర్‌కి రిమోట్ దొరికింది

మా నాన్న పాత హోమ్ థియేటర్ రిమోట్ మొరాయిస్తోంది, ఏది కొనాలని అడిగాను కదా. సలహా ఇచ్చిన అందరికీ థాంక్స్.

మొదట రిమోట్‌ని ఫోన్ సెల్ఫీ కెమెరా ముందు పెట్టి నొక్కి చూశాను. గట్టిగా అదిమితే ఊదారంగు వెలుగు మిణుకుమంది. అంటే రిమోట్‌లో సిగ్నల్ పంపే లైటు బాగానే ఉంది, అరిగింది బటన్ల కింది రబ్బరే. బ్యాటరీలు మార్చడం దండగే అయింది. ఫోన్‌ని రిమోట్‌లా వాడే యాప్ కూడా అంతే, నా ఫోన్‌లో ఐఆర్ (రిమోట్లు సిగ్నల్ పంపే, కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ లైటు) లేదు.

కంపెనీ కోడ్ కొట్టి సెట్ చేసుకునే యూనివర్సల్ రిమోట్‌తో సౌండ్ మారింది కానీ ఇన్‌పుట్ (సౌండ్ ఏ పరికరం నుంచి రావాలో ఎంచుకునేది) మారలేదు, వాపస్ ఇచ్చేశాను. చివరికి పనిచేసింది లెర్నింగ్ రిమోట్, అంటే పాత రిమోట్ సిగ్నళ్లను చూసి నేర్చుకునేది. రెండు రిమోట్లనూ ఎదురెదురుగా పెట్టి, పాతదాన్ని బొటనవేలు నొప్పెట్టేలా నొక్కుతూ ఒక్కో బటన్ నేర్పించాను. పాతది పూర్తిగా చచ్చిపోకముందే ఈ పని చేసుకోండి. ఇన్‌పుట్ బటన్ మీద అమ్మ నెయిల్ పాలిష్ చుక్క పెట్టుకుంది.