ఆన్ ఆర్బర్: సివిల్ పీహెచ్‌డీలో చేరాను, లెక్కలూ సర్వే కోర్సూ కూడా తీసుకోవాలా?

అడిగింది: సివిల్, మొదటి సంవత్సరం

అన్నయ్యలకు, అక్కయ్యలకు నమస్కారం. కాకినాడలో బీటెక్, వరంగల్‌లో ఎంటెక్ చేసి ఈ ఆగస్టులో ఆన్ ఆర్బర్‌లోని మిషిగన్ యూనివర్సిటీకి వచ్చాను. నా పని మంచినీటి పైపులైన్ల మీద. మా అడ్వైజర్ గారు ఇప్పుడు మ్యాథ్స్ డిపార్ట్‌మెంట్‌లో ప్రాబబిలిటీ, వచ్చే సెమిస్టర్‌లో సర్వే పద్ధతుల కోర్సు తీసుకోమంటున్నారు. ముందు ముందు ఇళ్లకు వెళ్లి నీళ్ల గురించి జనాన్ని అడగాల్సి వస్తుందట. ఇంట్లోవాళ్లేమో "ఇంజినీరింగ్ చదవడానికి వెళ్లి ఇవన్నీ నీకెందుకు" అంటున్నారు. గ్రేడ్లు పోతాయేమోనని నాకూ టెన్షన్‌గా ఉంది. ఇలా చేసినవాళ్లుంటే చెప్పగలరు.

జవాబు: సివిల్ పాత విద్యార్థి, ఇప్పుడు డెట్రాయిట్

చెల్లీ, నీ పని పైపుల మీదే కాబట్టి ముందు ఫ్లింట్ కథ పూర్తిగా చదువు. మనకు కారులో గంట దూరం.

2014 ఏప్రిల్‌లో, ఖర్చు తగ్గుతుందని, ఆ ఊరికి డెట్రాయిట్ నీళ్లు మాని ఫ్లింట్ నది నీళ్లు ఇవ్వడం మొదలుపెట్టారు. పైపు లోపలి భాగం నీటికి కరగకుండా కలపాల్సిన ఫాస్ఫేట్ కలపలేదు. పాత పైపుల్లోని సీసం కుళాయిల్లోకి వచ్చింది. రంగు మారింది, వాసనొస్తోంది అని జనం నెలల తరబడి మొత్తుకున్నా నీళ్లు బాగానే ఉన్నాయనే సమాధానం వచ్చింది. 2015లో వర్జీనియా టెక్ యూనివర్సిటీ బృందం ఖాళీ సీసాలు పంపితే, ఊరివాళ్లే తమ కుళాయి నీళ్లు పట్టి పరీక్షకు పంపారు. అదే ఏడాది పిల్లల డాక్టర్ మోనా హన్నా అట్టిషా పిల్లల రక్తపరీక్షల వివరాలు తీసి, ఒంట్లో సీసం పెరిగిందని చూపించారు. అక్టోబర్‌లో మళ్లీ డెట్రాయిట్ నీళ్లకు మారారు.

తర్వాత ఇంకో చిక్కు. ఏ ఇంటికి సీసం పైపు ఉంది? అది నేలలో ఉంటుంది. ఊరి దగ్గరున్న చేతిరాత కార్డులను పూర్తిగా నమ్మడానికి లేదు. అప్పుడు మన యూనివర్సిటీ పరిశోధకులు ఇల్లు ఎప్పుడు కట్టారు, దాని విలువెంత, అప్పటికే తవ్విన చోట్ల ఏం బయటపడింది అన్నవి కలిపి, ఒక్కో ఇంటికీ సీసం ఉండే అవకాశం ఎంతో చెప్పే మెషీన్ లెర్నింగ్ మోడల్ తయారుచేశారు. అది బాగా పనిచేసింది. అయినా 2018లో దాన్ని పక్కనపెట్టి వీధులవారీగా తవ్వుకుంటూ పోయారు. చాలా చోట్ల రాగి పైపులే తగిలాయి. పక్కింటి ముందు తవ్వి మా ఇంటి ముందు ఎందుకు తవ్వరు అని అడిగే మనిషికి మోడల్ ఇచ్చిన అంకె చాలదు, అంతకుముందే ఒకసారి మోసపోయిన ఊరు కదా. 2019లో మళ్లీ ఆ మోడల్‌కే వచ్చారు.

సీసం ఎందుకు కరుగుతుందో మన సివిల్ వాళ్లకు తెలుసు. ఎక్కడ తవ్వాలో తేల్చింది ప్రాబబిలిటీ. ఆ లెక్కను ఊరు ఎందుకు నమ్మలేదో తెలియాలంటే జనంతో మాట్లాడటం తెలియాలి. మీ అడ్వైజర్ చెప్పిన రెండు కోర్సులూ సరిగ్గా అవే. నిన్ను దారి తప్పించడం లేదు, మంచి గైడ్ దొరికారు.

జవాబు: మ్యాథ్స్, నాలుగో సంవత్సరం

అన్న చెప్పినదానితో ఏకీభవిస్తాను. కానీ ఒక హెచ్చరిక. బీటెక్‌లో రాసిన ఎం1, ఎం2, ఎం3 లెక్కలు వేరు, ఇక్కడి లెక్కలు వేరు. అక్కడ ఫార్ములా వేసి జవాబు తెస్తే మార్కులొచ్చేవి. ఇక్కడ జవాబు ముందే ఇస్తారు, అది ఎందుకు నిజమో రుజువు చేయమంటారు. మొదటి హోంవర్క్‌లో ఒక్క ప్రశ్నకే రెండు సాయంత్రాలు పట్టినా కంగారుపడకండి, అందరికీ అంతే. మా మ్యాథ్స్ బిల్డింగ్ ఈస్ట్ హాల్‌లో క్లాసువాళ్లతో కూర్చుని చర్చించండి, రాయడం మాత్రం సొంతంగా రాయండి.

డిపార్ట్‌మెంట్ల మధ్య పద్ధతులు కూడా చాలా తేడా. మా పేపర్లలో రచయితల పేర్లు అక్షరక్రమంలో ఉంటాయి, ఎవరు ఎక్కువ చేశారో పేరు చూసి చెప్పలేం. మీ దగ్గర మామూలుగా మొదటి పేరు పని చేసినవాళ్లది, చివరి పేరు ల్యాబ్ నడిపే ప్రొఫెసర్‌ది. రెండు డిపార్ట్‌మెంట్లవాళ్లతో కలిసి పేపర్ రాసేటప్పుడు ఈ సంగతి ముందే మాట్లాడుకోకపోతే మనస్పర్థలొస్తాయి. మా పేపర్ జర్నల్‌లో రావడానికి ఏడాది పైనే పట్టొచ్చు, అందుకే ముందే ఆర్కైవ్‌లో పెట్టేస్తాం. 1991 నుంచీ నడుస్తున్న సైటు అది, ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు.

జవాబు: ఐఎస్‌ఆర్ (యూనివర్సిటీ సామాజిక పరిశోధన సంస్థ)లో సర్వే పరిశోధన

అమ్మాయ్, ఇది అన్నిటికంటే ముందు చెప్పాలి. ఐఆర్‌బీ (మనుషుల మీద చేసే పరిశోధనను ముందే పరిశీలించే యూనివర్సిటీ కమిటీ) అనుమతి రాకుండా ఎవరినీ పరిశోధన కోసం ఏమీ అడగొద్దు. తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక గూగుల్ ఫారం పెట్టడం కూడా వద్దు. అలబామా రాష్ట్రంలోని టస్కీగీలో 1932 నుంచి 1972 దాకా ప్రభుత్వ ఆరోగ్య శాఖవాళ్లు నల్లజాతి మగవాళ్లకు సిఫిలిస్ ఉన్నా, పెన్సిలిన్ వచ్చాక కూడా వైద్యం చేయకుండా జబ్బు ఎలా ముదురుతుందో చూస్తూ కూర్చున్నారు. అది బయటపడ్డాక, ఇలాంటి కమిటీల అనుమతి ఉండాలంటూ 1974లో చట్టం వచ్చింది. ఆ కాగితాలు నింపుతుంటే విసుగొస్తుంది, నిజమే. అయినా అవి ఎవరి కోసం వచ్చాయో గుర్తుంచుకుని నింపు. మన దగ్గర పీర్స్ అనే ఆన్‌లైన్ ట్రైనింగ్ ఉంది, ఈ వారాంతంలో పూర్తిచేసెయ్.

సర్వే అంటే నాలుగు ప్రశ్నలు రాయడమే కదా అనుకుంటారు ఇంజినీర్లు. "మీ నీళ్లు బాగున్నాయా?" అని అడిగితే మర్యాద కోసం బాగున్నాయంటారు. "నిన్న వంటకు ఏ నీళ్లు వాడారు?" అని అడిగితే నీళ్ల సీసాలు కొంటున్న సంగతి బయటికొస్తుంది. మా సంస్థలో 1968లో సుమారు 5,000 కుటుంబాలతో మొదలైన ఆదాయాల సర్వే ఇప్పటికీ నడుస్తోంది. అప్పటి పిల్లలను, వాళ్ల పిల్లలను కూడా అడుగుతూనే ఉన్నారు. ఇంకోపక్క, పది కుటుంబాలతోనే ఏడాదంతా గడిపి పుస్తకం రాసేవాళ్లూ ఉన్నారు. రెండూ పరిశోధనే. నీ ప్రశ్నకు ఏది సరిపోతుందో తేల్చుకోవడమే ఆ కోర్సులో నేర్చుకునేది.

జవాబు: స్టాటిస్టిక్స్, రిటైర్డ్

అమ్మా, మీ ఇంట్లోవాళ్లకు పేరుమోసిన స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారి గురించి చెప్పు. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నంలో చదువుకున్నారు. ఆంధ్రా యూనివర్సిటీలో గణితం చదివి కలకత్తా వెళ్లారు. 1946లో ఆయన్ని కేంబ్రిడ్జ్ పంపింది సూడాన్‌లోని జెబెల్ మోయా తవ్వకాల్లో దొరికిన అస్థిపంజరాల కొలతలు విశ్లేషించడానికి. మానవశాస్త్ర మ్యూజియంలో ఆ పని చేస్తూనే స్టాటిస్టిక్స్‌లో పెద్ద పేరున్న ఫిషర్ దగ్గర పీహెచ్‌డీ పూర్తిచేశారు. ఆ రోజుల్లోనే ఆయన రూపొందించిన ఆర్థోగొనల్ అర్రేలు (తక్కువ ప్రయోగాలతో ఎక్కువ విషయాలు పరీక్షించే పట్టికలు) తర్వాత ఫ్యాక్టరీల్లో నాణ్యత పరీక్షలకు వాడుకలోకి వచ్చాయి. లెక్కలు, మనుషులు, ఫ్యాక్టరీలు అని ఆయన గిరి గీసుకోలేదు.

అడిగింది: సివిల్, మొదటి సంవత్సరం

అందరికీ చాలా థాంక్స్. అక్కా, పీర్స్ మొదలుపెట్టాను. ప్రాబబిలిటీలో చేరుతున్నాను. ఒక్కటే భయం, బీ వస్తే నా జీఎస్‌ఆర్‌ఏ (రీసెర్చ్ అసిస్టెంట్) ఫండింగ్‌కు ఏమైనా అవుతుందా?

జవాబు: సివిల్ పాత విద్యార్థి

డిపార్ట్‌మెంట్ హ్యాండ్‌బుక్‌లో కనీస జీపీఏ ఎంతో రాసుంటుంది, ఈరోజే చూడు. గ్రాడ్యుయేట్ కోఆర్డినేటర్‌కు మెయిల్ పెట్టి, ఈ కోర్సు కాగ్నేట్ (సొంత డిపార్ట్‌మెంట్ బయటి కోర్సు) కింద లెక్కలోకొస్తుందా, క్రెడిట్లు తగ్గకుండా ఆడిట్‌కు (గ్రేడు లేకుండా క్లాసు వినడానికి) మార్చుకునే వీలుందా అని అడుగు. డ్రాప్ గడువు ఎప్పుడో కూడా తెలుసుకో. ఆ లోపే రెండు హోంవర్క్‌లు రాసి చూసుకో, నిలబడగలవో లేదో తెలిసిపోతుంది. నార్త్ క్యాంపస్ నుంచి ఈస్ట్ హాల్‌కు యూనివర్సిటీ బస్సు ఉచితం, కానీ క్లాసులు మారే టైముకు నిండిపోతుంది, ముందు బస్సు పట్టుకో.