పాత వైజాగ్ జ్ఞాపకాలు: పెద్దవాళ్ళ మాటల్లో తప్పులు దిద్దాలా, వద్దా?

లంగరు:
మేం నలుగురం కలిసి వన్‌టౌన్, కంచరపాలెం, పెదజాలారిపేట పెద్దవాళ్ళ మాటలు రికార్డు చేస్తున్నాం. పోర్టు పెరిగేకొద్దీ ఇళ్ళల్లో బతుకు ఎలా మారింది, పనికి ఎలా వెళ్ళేవారు, జీతం రోజున ఏం కొనేవారు, ఇలాంటివి. 82 ఏళ్ళ మామ్మగారొకావిడ ఇలా అన్నారు: "జపానోడు బాంబులేసినపుడు మా నాన్న జలఉష ఓడకి రివెట్లు కొట్టీవోడు. రేత్రి దీపం కనపడకుండా కిటికీలకి నల్లకాయితాలు అంటించీవోళ్ళం." బాంబులు పడింది 1942 ఏప్రిల్ 6న. నెహ్రూ జలఉషను నీళ్ళలోకి దించింది 1948 మార్చి 14న. మాలో ఇద్దరు ఆ ముక్క కత్తిరించేద్దాం అంటున్నారు, ఇద్దరం వద్దంటున్నాం. మీరేమంటారు?

రికార్డురూము:
కత్తిరించాల్సిందే. లెక్క వేయండి, 1942 నాటికి ఆవిడ పుట్టనే లేదు. బాంబుల సంగతి వాళ్ళమ్మ చెప్పుంటుంది, నల్లకాయితాలు 1971 యుద్ధం నాటివై ఉంటాయి. రెండు యుద్ధాలూ కలిసిపోయాయి. ఇది ఆన్‌లైన్‌లో పెడితే వచ్చే ఏడాదికి ఎవరో ఒకరు వ్యాసంలో ఎక్కించేస్తారు. పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ సంగతే చూడండి. 1971 డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక మన తీరం దగ్గరే మునిగింది. ఎలా మునిగిందో మన నౌకాదళం ఒకటి చెబుతుంది, పాకిస్తాన్ ఇంకొకటి చెబుతుంది, ఇప్పటికీ తేలలేదు. మనూళ్ళో అడిగి చూడండి, సగం మంది బీచ్‌లో నించుని కళ్ళారా చూశామంటారు! ఆ చీకట్లో, బ్లాకౌట్‌లో, అంతమంది బీచ్‌లో ఏం చేస్తున్నారో మరి.

తట్టమోత:
రికార్డురూము గారూ, మీ కాగితాల్లో ఉన్నదేమిటో కూడా చూద్దాం. 1933 అక్టోబర్ 7న జలదుర్గ ఓడ పోర్టుకి వచ్చింది, డిసెంబర్ 19న వైస్రాయ్ విల్లింగ్డన్ పోర్టు ప్రారంభించాడు. మాంగనీసు ఎన్ని టన్నులు పోయిందో కూడా దొరుకుతుంది. ఆ మాంగనీసు తట్ట నెత్తిన పెట్టుకుని మోసిన మా అమ్మమ్మ ఏ పేజీలోనూ లేదు. పనికెళ్తే పిల్లను ఎవరి దగ్గర వదిలేదో, నల్లబడిన కోక ఏ చెరువులో జాడించేదో, మేస్త్రీ కూలిలో ఎంత కోసేవాడో ఆవిడ చెప్తేనే మాకు తెలిసింది. ఆవిడకి ఒక్క సంవత్సరం కూడా సరిగ్గా గుర్తుండేది కాదు. ఆ లెక్కన మొత్తం కత్తిరించేయాలి కదా?

రికార్డురూము:
కూలి సంగతి, చెరువు సంగతి ఉంచండి, నాకేం అభ్యంతరం లేదు. నేననేది తేదీ ఉన్న సంఘటనల గురించి.

తెరచాప:
ఆ గీత గీయడం అంత తేలిక కాదండీ. పోర్టు ముఖద్వారం దగ్గర అలల తాకిడి ఆపడానికి జానస్, విల్స్‌డెన్ అని రెండు పాత ఓడల్ని ముంచారు. ఇది పుస్తకాల్లో ఉంది. ఆ తర్వాత ఇసుక ఎటు పోయిందో జాలారిపేట పెద్దల్ని అడగండి. ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుందని, దానికి అడ్డం కడితే ఉత్తరపు ఒడ్డు తరిగిపోతుందని వాళ్ళకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. ఔటర్ హార్బర్ వచ్చింది 1970ల్లో. అంతకుముందు వల ఎక్కడ ఆరేసేవారో, ఇప్పుడక్కడ నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో వేలుపెట్టి చూపిస్తారు. ఇప్పుడు డ్రెడ్జర్‌తో ఇసుక తెచ్చి ఆర్కే బీచ్‌లో పోస్తున్నది ఎందుకనుకున్నారు? వాళ్ళు సంవత్సరం తప్పు చెప్పొచ్చు, ఒడ్డు తప్పు చెప్పరు.

చిన్నగుంట:
దిద్దడం మొదలెడితే యాస కూడా దిద్దేస్తారు. "కొట్టీవోడు" కాస్తా "కొట్టేవారు" అయిపోద్ది. అప్పుడు మా మామ్మ మాట మాదిరి ఉండదు, రేడియో వార్తల్లా ఉంటాది.

కంచరపాలెం పాతకాపు:
మీరంతా ఏం దిద్దాలని కొట్టుకుంటున్నారు గానీ, ఎవర్ని అడిగారో ముందు చెప్పండి. పోర్టులోనో షిప్‌యార్డులోనో పర్మినెంటు ఉద్యోగం చేసి, పెన్షన్ తీసుకుంటున్న ఇళ్ళకే వెళ్ళినట్టున్నారు. కుర్చీ వేసి, టీ ఇచ్చి, తీరిగ్గా మాట్లాడేది వాళ్ళే కాబట్టి. బర్మా క్యాంపుకి ఎవరైనా వెళ్ళారా? రంగూన్‌లో ఉన్నదంతా వదిలేసి వచ్చినవాళ్ళ పిల్లలు ఇంకా ఉన్నారు. 1942లో కాలినడకన వచ్చిన కుటుంబాల కథ వేరు, 1960ల్లో వచ్చినవాళ్ళ కథ వేరు. అక్కడా రెండూ కలిసిపోయి వినిపిస్తాయి, ఇప్పుడే చెప్తున్నా.

లంగరు:
బర్మా క్యాంపు మాట నిజం, వెళ్ళలేదు. అక్కడ తెలిసినవాళ్ళుంటే మెసేజ్ పెట్టండి. మామ్మగారి ఆడియో మాత్రం ముట్టుకోం. కింద ఇలా నోటు పెడదామనుకుంటున్నాం: "జపాన్ బాంబు దాడి 1942లో జరిగింది. జలఉష 1948 నాటి ఓడ. నల్లకాగితాలు 1971 యుద్ధకాలం నాటివి."

రికార్డురూము:
మొదటి రెండు వాక్యాలకి ఆధారం ఉంది, ఉంచండి. మూడోది నేను లెక్కగట్టి చెప్పింది, ఆవిడ చెప్పింది కాదు. దాన్ని ఖాయం చేసి రాయకండి.

తట్టమోత:
మళ్ళీ వెళ్ళి అడిగితే పోలా? ఏ సంవత్సరం అని మాత్రం అడగొద్దు. కాయితాలు అంటించేటప్పుడు పెళ్ళయిందా, చంకలో ఎవరున్నారు, పెద్దాడా రెండోదా అని అడగండి. పిల్లల వయసులు ఆవిడ తప్పు చెప్పదు.