వండర్ గర్ల్స్ పాటలు: ఏ వీడియోలో ఏ సభ్యులు? తెలిసినవారు చెప్పండి

కొరియా గ్రూప్ వండర్ గర్ల్స్ అంటే నాకు ప్రాణం. వాళ్ల స్టేజ్ వీడియోలను సభ్యుల వారీగా వరసలో పెడుతున్నాను. ఒకచోట ఆగిపోయాను, సాయం చేయండి.

నాకు తెలిసింది ఇది. 2007లో ఐదుగురితో మొదలైంది. ఆ ఏడాదే హ్యునా వెళ్లిపోయి యూబిన్ వచ్చింది. 2008లో ‘నోబడీ’: ఎత్తుగా దువ్విన జుట్టు, తళతళలాడే పొట్టి గౌన్లు, చప్పట్లు కొట్టి వేళ్లు చూపించే ఆ స్టెప్పు, అచ్చం 1960ల అమెరికన్ గ్రూపుల తీరే. 2009లో ఆ పాట అమెరికా టాప్ పాటల జాబితా బిల్‌బోర్డ్ హాట్ 100లో 76వ స్థానానికి చేరింది. 2010లో సన్మీ స్థానంలో హ్యేరిమ్. 2015లో సన్మీ తిరిగొచ్చింది, సన్యే, సోహీ లేరు. ఈసారి నలుగురూ వాయిద్యాలు పట్టారు, సన్మీ బేస్ గిటార్, యూబిన్ డ్రమ్స్. 1980ల సౌండ్! నాకైతే అదే వాళ్ల బెస్ట్. 2017లో విడిపోయారు.

హ్యేరిమ్ వచ్చాక స్టేజ్ మీద ‘నోబడీ’లో సన్మీ లైన్లు ఎవరు పాడేవారు? హ్యేరిమ్ ఒక్కతేనా, అందరూ పంచుకున్నారా? 2015 తర్వాత సోహీ లైన్లు ఎవరికి వెళ్లాయి? వీడియో పేరు, ఏడాది చెప్పినా చాలు, నేనే వెతుక్కుంటాను.