చెవుడు వల్ల రాశాడా, చెవుడు ఉన్నా రాశాడా?

చదువరి (ప్రశ్న):

నమస్కారం. కొంతకాలంగా ఐరోపా చిత్రకారుల, స్వరకర్తల జీవిత చరిత్రలు ఒకదాని తరువాత ఒకటి చదువుతున్నాను. పెద్ద పుస్తకాలలో అంతగా కనిపించదు గాని, చిన్న పరిచయ వ్యాసాలలో మాత్రం దాదాపు ప్రతిచోటా ఒకే వాదన ఎదురవుతోంది: ఆ మనిషి అంత బాధపడ్డాడు కాబట్టే అంత గొప్ప కృతి పుట్టింది అని. స్వరకర్త బీతోవెన్‌కు చెవుడు; చిత్రకారులలో వాన్ గోకు మానసిక వ్యాధి, మోనేకు కంటి శుక్లాలు, గోయాకు మళ్ళీ చెవుడు. రోగం పేరు ఒక పక్క, కృతి పేరు ఇంకో పక్క రాసి, జతపరచమన్న పరీక్ష ప్రశ్నలా ఉంటాయి ఆ వ్యాసాలు.

తారీఖులు పక్కపక్కన ఉన్నంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమవుతుందా అన్నది నా సందేహం. బీతోవెన్ తన చెవుడు గురించి తమ్ముళ్ళను ఉద్దేశించి హైలిగెన్‌ష్టాట్ అనే పల్లెలో ఆ ప్రసిద్ధమైన లేఖ రాసింది 1802 అక్టోబరులో. ఆ లేఖను ఎవరికీ పంపలేదు. 1827లో ఆయన చనిపోయాక కాగితాలలో దొరికింది. ఆయన మూడో సింఫనీ (వాద్యబృందానికి రాసే పెద్ద కృతి) పని ప్రధానంగా సాగింది 1803లో. ఈ రెండింటినీ కలిపి, నిరాశలోంచి వీరరసం పుట్టిందని చెబుతారు. వినడానికి బాగానే ఉంది గాని, నమ్మడానికి ఇంకొంచెం ఆధారం కావాలనిపిస్తోంది. చెవుడు వల్ల రాశాడా, చెవుడు ఉన్నా రాశాడా? ఈ కళాకారులు రోజువారీగా ఎలా పనిచేసేవారో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

సంగీత శ్రోత:

చదువరి గారూ, మీ అనుమానం సరైనదే. మీరు చెప్పిన తారీఖులనే ఇంకొంచెం దగ్గరగా చూడండి. ఆ లేఖ రాసిన 1802లోనే, హైలిగెన్‌ష్టాట్‌లో గడిపిన ఆ నెలల్లోనే, బీతోవెన్ రెండో సింఫనీ మీద పనిచేస్తూ ఉన్నాడు. ఆ సింఫనీలో నిరాశ ఛాయలు వెతికినా దొరకవు. చివరి భాగమైతే కొంటెతనంతో పరుగులు తీస్తుంది. ఒకే మనిషి, ఒకే ఊరు, ఒకే దుఃఖం. అయితే మూడో సింఫనీకి ఆ దుఃఖాన్ని మూలమని చెప్పేవారు రెండో సింఫనీ దగ్గర మౌనంగా ఉండిపోతారు.

తొమ్మిదో సింఫనీ విషయంలో ఆధారం ఇంకా స్పష్టంగా ఉంది. పూర్తిగా చెవిటివాడైన మనిషి ఆనందగీతం రాశాడన్నది అందరికీ తెలిసిన కథ. 1824 మే 7న వియన్నాలో మొదటి ప్రదర్శన జరిగినప్పుడు, ప్రేక్షకుల కరతాళ ధ్వనులు వినపడని ఆయనను గాయని ఒకరు చేయి పట్టుకుని సభ వైపు తిప్పవలసి వచ్చిందంటారు. అయితే ఆ ఆనందగీతానికి మూలమైన, జర్మన్ కవి షిల్లర్ రాసిన కవితకు సంగీతం కట్టాలన్న కోరిక బీతోవెన్‌కు ఉన్నదని 1793లో బాన్ నగరానికి చెందిన పరిచయస్థుడు ఒకరు ఉత్తరంలో రాశారు. అప్పటికి బీతోవెన్‌కు ఇరవై రెండేళ్ళు, చెవులు చక్కగా పనిచేస్తున్నాయి. 1808 నాటి పియానో, వాద్యబృందం, గాయకులు కలిసిన ఒక కృతిలో అదే స్వరరచనకు తోబుట్టువు వంటి వరస వినిపిస్తుంది. అంటే ఆ ఆలోచన ముప్ఫై ఏళ్ళు ఆయనలో నలిగింది. ఆయన చిత్తుపుస్తకాలు చూస్తే, ఇవాళ పసిపిల్లలు సైతం కూనిరాగం తీయగల ఆ వరస ఎన్ని కొట్టివేతల తరువాత అంత తేలికగా తయారయిందో తెలుస్తుంది. షికారుకు వెళ్ళినా జేబులో చిన్న పుస్తకం ఉండేది. నన్నడిగితే, ఆయన జీవిత చరిత్రలో చెవుడు కంటే ఆ చిత్తుపుస్తకాలకే ఎక్కువ పుటలు ఇవ్వాలి.

చెవుడు ఏమీ చేయలేదని కాదు. 1814 తరువాత ఆయన సభలలో పియానో వాయించడం దాదాపు మానుకున్నాడు. 1818 నుంచి ఇంటికి వచ్చినవారు చెప్పదలచినది పుస్తకంలో రాసి చూపవలసి వచ్చింది. వాయిద్యకారుడిగా సంపాదన, కీర్తి పోయాయి. మిగిలింది రచన ఒక్కటే. చెవుడు ఆయన జీవితాన్ని మళ్ళించిందని దీన్నిబట్టి చెప్పవచ్చు. స్వరాలను ఇచ్చిందని మాత్రం చెప్పలేము.

ఇప్పుడు మీ ప్రశ్నకు మూడో జవాబు కూడా ఉందని చెప్పాలి. చెక్ స్వరకర్త స్మెతనా 1874 అక్టోబరు నాటికి, యాభయ్యో ఏట, పూర్తిగా చెవిటివాడయ్యాడు. వ్ల్తవా నది మీద రాసిన ప్రసిద్ధ వాద్యకృతి ఆ వెంటనే, అదే ఏడాది చివరలో పూర్తయింది. దానిలో చెవుడు లేదు, నది మాత్రమే ఉంది. రెండేళ్ళ తరువాత 1876లో నాలుగు తంత్రీవాద్యాలకు రాసిన క్వార్టెట్‌కు ‘నా జీవితం నుంచి’ అని పేరు పెట్టుకున్నాడు. దాని నాలుగో భాగం నాట్యపు నడకలో హుషారుగా సాగుతూ సాగుతూ ఉన్నట్టుండి ఆగిపోతుంది. కింది వాద్యాలు వణుకుతూ ఉండగా మొదటి వయొలిన్ చాలా ఎత్తైన ఒకే స్వరాన్ని పట్టుకుంటుంది. అది వినికిడి పోయే ముందు చెవిలో మోగిన కూత అని ఆయనే మిత్రుడికి రాసిన ఉత్తరంలో చెప్పాడు. ఇది చెవుడు వల్ల రాసింది కాదు, చెవుడు ఉన్నా రాసింది కాదు, చెవుడునే రాసింది. బాధ ఇక్కడ ప్రేరణ కాదు, వస్తువు.

రంగుపెట్టె:

సంగీత శ్రోత గారి విభజన నాకు నచ్చింది. చిత్రకారుల విషయానికి వస్తే, ‘వల్ల’ అన్న మాటను అందరికంటే ఎక్కువగా మోస్తున్నది వాన్ గో. ఆయన 1889 మే నెలలో సెయింట్ రెమీలోని చికిత్సాలయంలో తనంతట తానుగా చేరి ఏడాది ఉన్నాడు. ఆ కాలంలో నూట యాభై దాకా తైలవర్ణ చిత్రాలు వేశాడు. ఇది విని, పిచ్చి ముదిరి కుంచె పట్టుకున్నాడని ఊహించుకుంటారు. జరిగింది దాదాపు దీనికి విరుద్ధం. వ్యాధి తీవ్రంగా వచ్చినప్పుడు వారాల తరబడి పని ఆగిపోయేది. ఒక దశలో ఆయన రంగులు నోట పెట్టుకోవడంతో వాటిని అందుబాటులో ఉంచడమే ప్రమాదమైంది. చిత్రాలలో అత్యధిక భాగం ఆ దాడుల మధ్య తెరిపిలో వేసినవి. సుడులు తిరిగే నక్షత్రాల రాత్రి 1889 జూన్ నాటిది. అక్కడ చేరాక వచ్చిన మొదటి పెద్ద దాడి జులైలో. పైగా ఆ చిత్రంలోని ఊరు ఆయన కిటికీ నుంచి కనిపించేది కాదు. ఆకాశం చూసినది, ఊరు కూర్చుకున్నది. అది ఉన్మాదపు చూపు కాదు, ఆలోచించి చేసిన కూర్పు. ఆ నక్షత్రాలు ఆయనకే అంతగా తృప్తినివ్వలేదన్నది మరో విశేషం.

ఇంకో సంగతి. 1890 జనవరి చివర తమ్ముడు థియోకు కొడుకు పుట్టాడన్న కబురు అందగానే, తమ్ముడి ఇంట్లో పడకగదిలో పెట్టడానికి నీలాకాశం మీద పూసిన బాదం కొమ్మలను చిత్రించాడు. సంతోషం నుంచి పుట్టిన ఆ చిత్రం గురించి ఏ వ్యాసకర్తా ‘ఆనందమే ఆయనకు ప్రేరణ’ అని రాయడు. బాధకు ఉన్నంత గిరాకీ సంతోషానికి లేదు కాబోలు.

మోనే కథలో ‘వల్ల’ అన్న మాట తారీఖుల ముందు నిలవదు. ఆయన జివెర్నీలో కొలను తవ్వించడం మొదలుపెట్టింది 1893లో. కలువల చిత్రాలు 48 ఒకేసారి పారిస్‌లో ప్రదర్శించింది 1909లో. శుక్లాలు ఉన్నాయని వైద్యులు చెప్పింది 1912లో. కలువలకు చూపు పోవడం మూలం కాదన్నమాట. అయితే ఆ తరువాతి మార్పు కంటికి కనిపించేదే: శుక్లం ముదిరిన కన్ను నీలిని సరిగా పట్టదు, లోకం పసుపుగా, గోధుమ రంగుగా మారుతుంది, 1920 ప్రాంతంలో ఆయన వేసిన జపాను వంతెన చిత్రాలు ఎరుపు, గోధుమ రంగుల ముద్దలుగా కనిపిస్తాయి. రంగు గొట్టాల మీది పేర్లు చదివి, పలకపై ఏ రంగు ఎక్కడుందో గుర్తుపెట్టుకుని పనిచేశాడు. మిత్రుడూ, ఒకప్పటి ప్రధానమంత్రీ, స్వయంగా వైద్యం చదివినవాడూ అయిన క్లెమాన్సో బతిమాలగా బతిమాలగా 1923లో కుడి కంటికి మాత్రం శస్త్రచికిత్స చేయించుకున్నాడు. ఎడమ కంటికి ఒప్పుకోలేదు. పెద్ద కలువల చిత్రాలను దేశానికి ఇస్తానని చెప్పింది మొదటి ప్రపంచయుద్ధం ఆగిన మర్నాడు, 1918 నవంబరు 12న. 1926 డిసెంబరులో ఆయన మరణించాక, 1927లో అవి ఆరాంజరీ భవనంలోని రెండు అండాకారపు గదులలో ప్రజలకు కనిపించాయి.

అసలు బాధ కృతిలో కనిపించి తీరాలన్న నియమమేదీ లేదనడానికి ఫ్రెంచ్ చిత్రకారుడు రెన్వార్ చాలు. దాదాపు పాతికేళ్ళు కీళ్ళవాతంతో వేళ్ళు వంకర్లు తిరిగిపోయాయి. కుంచె ఎవరో చేతిలో పెట్టవలసి వచ్చేది. చేతికి కుంచె కట్టుకునేవాడని కథలు చెబుతారు గాని, ఆ కట్లు చర్మం ఒరుసుకుపోకుండా చుట్టినవి. ఆ ఏళ్ళలో వేసిన చిత్రాలలో ఎర్రటి బుగ్గలూ, పూలూ, ఎండా తప్ప నొప్పి ఆనవాలు లేదు. గోయా విషయంలోనూ ఇలాంటి సవరణ ఒకటి ఉంది: ఆయన గోడల మీద పద్నాలుగు నల్లటి చిత్రాలు వేసిన ఇంటికి ‘చెవిటివాడి ఇల్లు’ అని పేరుండటం చూసి అది గోయా పేరనుకుంటారు. 1819లో ఆయన ఆ ఇల్లు కొనకముందు నుంచే దానికి ఆ పేరుంది.

కత్తెర:

పై ఇద్దరితోనూ చాలావరకు ఏకీభవిస్తూనే, ‘వల్ల’ అన్న మాటను పూర్తిగా కొట్టివేయడానికి నా మనసు ఒప్పుకోవడం లేదు. ఫ్రెంచ్ చిత్రకారుడు మాటీస్‌నే చూడండి. న్యాయవాద కార్యాలయంలో గుమాస్తాగా ఉన్న యువకుడికి ఇరవయ్యో ఏట జబ్బుచేసి మంచాన ఉన్నప్పుడు, కాలక్షేపానికని తల్లి రంగుల పెట్టె తెచ్చి ఇచ్చింది. ఆ జబ్బు రాకపోతే మనకు చిత్రకారుడు దక్కేవాడో కాదో! మళ్ళీ 1941లో పేగు క్యాన్సరుకు పెద్ద శస్త్రచికిత్స జరిగింది. చాలా సమయం మంచంలోనో చక్రాల కుర్చీలోనో గడపవలసి వచ్చింది. సహాయకులు రంగు పూసి ఇచ్చిన కాగితాలను కత్తెరతో కత్తిరించి కూర్చడం అప్పుడే ఆయన ప్రధాన పద్ధతి అయింది.

ఇది రాస్తుండగా నా వాదనకు నాకే ఒక అడ్డం గుర్తుకొచ్చింది, నిజాయితీగా చెప్పేస్తాను. 1930ల మొదట్లో పెద్ద కుడ్యచిత్రం మీద నాట్యకత్తెల రూపాలను అమర్చి చూసుకోవడానికి ఆయన కత్తిరించిన కాగితాలను అప్పటికే వాడాడు. కత్తెర ముందే చేతిలో ఉంది. దాన్ని సాయం నుంచి సాధనంగా మార్చింది మాత్రం జబ్బే.

చదువరి:

ముగ్గురికీ కృతజ్ఞతలు. అయితే మరో ప్రశ్న తప్పడం లేదు. శరీర బాధను పక్కన పెడితే, ఒక కళాకారుడు ఫలానా దాని నుంచి ప్రేరణ పొందాడని గట్టి ఆధారంతో చెప్పగల సందర్భాలు ఉన్నాయా? నేను వెతుకుతున్నది ముఖ్యంగా చిత్రం చూసి సంగీతం రాసిన ఉదాహరణల కోసం.

సంగీత శ్రోత:

ఉన్నాయి. రష్యన్ స్వరకర్త ముస్సోర్గ్‌స్కీ మిత్రుడు, వాస్తుశిల్పీ చిత్రకారుడూ అయిన హార్ట్‌మన్ 1873లో ముప్ఫై తొమ్మిదో ఏట హఠాత్తుగా చనిపోయాడు. మరుసటి ఏడాది సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో అతని చిత్రాలను ప్రదర్శించారు. ఆ ప్రదర్శన చూశాక, 1874 జూన్‌లో మూడు వారాల లోపే ముస్సోర్గ్‌స్కీ పది చిత్రాల మీద పియానో కృతి రాశాడు. చిత్రానికీ చిత్రానికీ మధ్య తాను నడుస్తున్న అడుగులను కూడా సంగీతంలో పెట్టాడు. ఇక్కడ దుఃఖం ఉంది, కాదనను. అయితే అది మూలగదు, తిరిగి చూస్తుంది, నవ్వుతుంది కూడా. ఆ చిత్రాలలో చాలావాటి జాడ ఇప్పుడు తెలియదు. కీవ్ నగరానికని గీసిన ద్వారం అసలు కట్టనే లేదు. ఆ ద్వారం సంగీతంలో మాత్రం నిలిచి ఉంది. 1922లో ఫ్రెంచ్ స్వరకర్త రవెల్ ఆ పియానో కృతిని వాద్యబృందానికి మార్చి రాయడంతో లోకమంతా వినగలిగింది.

అన్నింటికంటే నాకు ఇష్టమైన ఉదాహరణ రష్యన్ స్వరకర్త రహ్మానినోవ్‌ది. స్విస్ చిత్రకారుడు బ్యోక్లిన్ గీసిన మృతుల ద్వీపం చిత్రానికి నలుపు తెలుపు ప్రతి ఒకటి 1907లో పారిస్‌లో ఆయన కంటపడింది. 1909లో దాని మీద వాద్యకృతి పూర్తిచేశాడు. నీళ్ళ మీద తెడ్ల కదలికను అయిదు మాత్రల నడకలో పెట్టాడు, రెండూ మూడూగా సమానం కాకుండా పడే దెబ్బ. తరువాత రంగుల్లో ఉన్న అసలు చిత్రాన్ని చూసినప్పుడు అది ఆయనను అంతగా కదిలించలేదు. ముందే దానిని చూసి ఉంటే బహుశా ఆ కృతి రాసేవాడిని కానని చెప్పుకున్నాడు. ప్రేరణ ఏదో కచ్చితంగా తెలిసిన చోట కూడా, అది మూలచిత్రం కాక అచ్చులో రంగులు పోయిన నకలు అయింది.

చదువరి:

స్మెతనా క్వార్టెట్ నాలుగో భాగం నిన్న రాత్రి రెండుసార్లు విన్నాను. ఆ ఎత్తైన స్వరం చాలాసేపు ఉంటుందని ఊహించుకున్నాను. నిజానికి కొద్ది క్షణాలే. ఆ తరువాత మొదటి భాగంలోని వరసలు జ్ఞాపకాల్లా తిరిగి వచ్చి, నెమ్మదిగా సద్దుమణుగుతాయి. నా నోటుపుస్తకంలో బీతోవెన్ పేరు పక్కన ఇంతకుముందు ‘చెవుడు’ అని ఒక్క మాట రాసుకున్నాను. దాన్ని కొట్టివేయలేదు గాని, పక్కనే ‘1793’ అని చేర్చాను.