అప్‌డేట్: దజాయ్‌కి ఆ ఆడగొంతు ఎక్కడిది?

జపాన్ రచయిత ఒసాము దజాయ్ నవల ‘షాయో’ (1947)లో కథానాయిక కజుకో తన కథ తానే చెబుతుంది కదా, మగ రచయిత అంత సహజంగా ఎలా రాశాడని పోయిన నెల అడిగాను. చాలామంది ఓపిగ్గా జవాబిచ్చారు, థాంక్స్.

సమాధానం దొరికింది, మనసు మాత్రం బరువెక్కింది. ఆ నవలలో చాలా భాగం అతని ప్రియురాలు ఓతా షిజుకో డైరీదే. 1947 ఫిబ్రవరిలో ఆమె దగ్గర తీసుకున్నాడు. నవంబరులో ఆమెకి అతని కూతురు పుట్టింది. అదే ఏడాది మార్చిలో భార్య మిచికోకీ కూతురు. ఇద్దరమ్మాయిలూ పెద్దయ్యాక రచయిత్రులే అయ్యారు. ఒక బడిపిల్ల తన కథ చెప్పే 1939 నాటి ‘జోసెయితో’కి కూడా మూలం ఒక పాఠకురాలు పంపిన డైరీనే! డైరీలిచ్చిన వాళ్ళకి దక్కాల్సిన పేరు దక్కలేదని నా బాధ.

దజాయ్ జీవితంలో మిగతా ఆడవాళ్ళ కథలూ విషాదమే. 1930లో కమకురా అనే ఊళ్ళో అతనితో పాటు చావుకు సిద్ధపడిన తనబె షిమెకో చనిపోయింది, అతను బతికాడు. 1948 జూన్‌లో యమజాకి తోమియె అనే ఆమెతో కలిసి తనూ ప్రాణం తీసుకున్నాడు.

నన్ను పట్టేసింది మాత్రం తకె. చిన్నప్పుడు అతన్ని పెంచి, చదవడం నేర్పిన ఆయా. తన సొంత ప్రాంతంలో తిరిగిన ప్రయాణం గురించి రాసిన ‘త్సుగరు’ (1944)లో దాదాపు 30 ఏళ్ళ తర్వాత ఆమెని వెతుక్కుంటూ కొదొమరి అనే ఊరు వెళ్తాడు. ఇంటికి తాళం. బడి ఆటల పోటీల దగ్గర దొరుకుతుంది. పెద్దగా మాటల్లేవు, పక్కన కూర్చోబెట్టుకుని పిల్లల పరుగుపందెం చూస్తూ ఉంటుంది. అక్కడ అతనికి మొదటిసారి మనసు కుదుటపడుతుంది. ఆ పేజీ రెండుసార్లు చదివాను.