కరి మింగిన వెలగపండు: ఏనుగా, పురుగా?

పొద్దున్నుంచి ఒక సుమతి పద్యం బుర్రలో తిరుగుతోంది, రెండో పాదం దగ్గర ఆగిపోతున్నా. "సిరి దా వచ్చిన వచ్చును" తర్వాత "సలలితముగ నారికేళ సలిలము భంగిన్" అనా, "సరళముగా" అనా? ఎందుకు గుర్తొచ్చిందంటే, మా బావ ఎవరిదో వ్యాపారం గురించి చెబుతూ "కరి మింగిన వెలగపండు అయిపోయిందిలే" అన్నాడు. అంటే మూతపడిందనా, పైకి బాగానే ఉండి లోపల డొల్ల అనా?

— సలలితముగ. బడిలో మేం వల్లెవేసింది అదే.

— బడి సంగతి సరే, కంద పద్యంలో ప్రాస, అంటే ప్రతి పాదంలో రెండో అక్షరం కలవడం, చూసుకోవద్దా అండీ? సిరి, సిరి, కరి, మధ్యలో సలలితమా? "సరళముగా" అంటే గొడవే లేదు.

— రలయోరభేదః, ర-లకి తేడా లేదు అన్నారు మాస్టారూ. పైగా సలలితం పక్కనే సలిలం పడితే, కొబ్బరికాయలోకి చప్పుడు లేకుండా నీరు ఊరినట్టు ఉంటుంది. సరళంలో ఆ జారుడేదీ?

— అది అలా ఉంచండి. ఇక్కడ కరి ఏనుగు కాదు, వెలగపండుకి పట్టే పురుగు. సన్న బెజ్జం చేసి గుజ్జంతా తినేస్తుంది, చేతిలోకి తీసుకుంటే తేలిగ్గా ఉంటుంది, అప్పుడు గానీ సంగతి బయటపడదు.

— పురుగు తొలుస్తుందండీ, మింగదు. సంస్కృతంలో "గజభుక్త కపిత్థవత్", గజం తిన్న వెలగపండులా అని ఉండనే ఉంది.

— ఆ గజమూ పురుగేనంటారు.

— గజమూ పురుగే, కరీ పురుగే! ఇంకా నయం, మొసలి పట్టుకున్నది గజేంద్రుడనే పురుగుని అనలేదు.

— ఏనుగు మింగితే చిప్ప పగలకుండా డొల్లగా బయటికొస్తుందంటారు. కళ్ళారా చూసినవాళ్ళున్నారా? నేలకేసి కొడితే గానీ పగలని కాయే అనుకోండి, అయినా ఏనుగు దవడ కదా.

— హంస పాలూ నీళ్ళూ వేరు చేయడం ఎవరు చూశారు? పద్యంలో ఉన్నది సిరి పోయే తీరు, కంటికి ఆనకుండా పోవడం. మనం మాటల్లో వాడేది మిగిలిన డొల్ల గురించి. బావగారు ఏది అన్నారో మరి.

— గజేంద్రుడి పేరెత్తారు కాబట్టి ఆగలేకపోతున్నా. "కరి దిగుచు మకరి సరసికి, కరి దరికిని మకరి దిగుచు కరకరి బెరయన్". ఒక్క "మ" తగిలించి ఏనుగుని మొసలిని చేసేశాడు పోతన! చదువుతుంటే నాలుక కూడా ఓసారి మడుగులోకి, ఓసారి గట్టు మీదికి.

— ఆ కరకరి పంతమా, బాధా?

— పంతమే.

— ఇంతకీ మా బావ అన్నది...

— పంతమైతే "బెరయన్" ఎలా అన్వయిస్తారో చెప్పండి ముందు.